వాడికి జ్యోతి అని పేరు పెడతానంటే

ఈ వ్యాసం ఒక జవాబు పత్రం దగ్గర మొదలైంది.

పోయిన నెల డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. సంఘసంస్కర్తల మీద ప్రశ్న. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "జ్యోతి పూలే గొప్ప స్త్రీ. ఆమె పూణేలో ఆడపిల్లలకు బడి పెట్టింది." నవ్వొచ్చింది. 'స్త్రీ' మీద ఎర్ర గీత కొట్టి సగం మార్కు తీసేశాను. తర్వాత పేపరు పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాను. ఆ పిల్లాడి పేటలో, బంధువుల్లో, క్లాసులో జ్యోతి అంటే అమ్మాయే. జ్యోతి అనే మగమనిషిని వాడు పుట్టాక చూసి ఉండడు. నేనూ చూడలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వెనుకబడిన తరగతుల గురుకులాలకు మహాత్మా జ్యోతిబా పూలే పేరుంది. అంత పెద్ద బోర్డు కూడా మన చెవిలో ఆ పేరుని మగపేరు చెయ్యలేకపోయింది.

ఆ ఎర్ర గీత నన్ను ఇబ్బంది పెట్టడానికి ఇంకో కారణం ఉంది. మా బాబుకి ఏడో నెల. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఇంకా ఖాళీ. ఏడాదిలోపు రాయిస్తే రుసుము లేదు, ఆ తర్వాత రుసుము కట్టి పదిహేనేళ్ళ దాకా రాయించుకోవచ్చు. చట్టానికి ఉన్న ఓపిక మా ఇంట్లో వాళ్ళకి లేదు. నేను వాడికి జ్యోతి అని పెడతానన్నాను. జ్యోతి ప్రకాష్ కాదు, జ్యోతి కుమార్ కాదు. ఉత్త జ్యోతి. అప్పటినుంచి ఇల్లు రెండుగా చీలింది. ఒకవైపు నేను, రెండోవైపు అందరూ.

"ఆడపేరు" అంది అత్తయ్య. "బళ్ళో ఏడిపిస్తారమ్మా" అన్నాడు మా అన్నయ్య. మా ఆయన ఏమీ అనకుండా ఫోన్ తీసి ఆర్యన్, విహాన్, అయాన్ అని చదవడం మొదలుపెట్టాడు.

సరే. ఆడపేరు అంటే ఏమిటి? దాన్ని ఆడపేరు చేసింది ఎవరు?

1. తోక లేని పేరు

విజయ అనేది అర్జునుడి పది పేర్లలో ఒకటి. జయవిజయులు వైకుంఠం వాకిలి కాసే మగవాళ్ళు. వసంతుడు మన్మథుడి చెలికాడు. మరి మన క్లాసు రిజిస్టర్లో జయ, విజయ, వసంత ఎవరు? ముగ్గురూ అమ్మాయిలే.

దీనికి మన భాషలోనే ఒక కారణం ఉంది. సంస్కృతంలోని మగపేరు తెలుగులోకి వచ్చేటప్పుడు 'డు' తగిలించుకుని వస్తుంది: రాముడు, విజయుడు, వసంతుడు. ఆడపేరు చివరి దీర్ఘం పోగొట్టుకుని వస్తుంది: సీతా సీత అయింది, విజయా విజయ అయింది. అంటే ఏ తోకా లేని ఉత్త పేరు ఆడవాళ్ళ వాటాకి వచ్చింది. మగవాడు అదే పేరు పెట్టుకోవాలంటే వెనక ఏదో ఒకటి కావాలి: విజయకుమార్, వసంతరావు, జయరాజు. కృష్ణ లాంటి కొన్ని పేర్లు తప్పించుకున్నాయి గానీ ఎక్కువ పేర్లకి ఇదే కథ.

జ్యోతి సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో అది ఆడా కాదు, మగా కాదు, నపుంసకలింగం. మహారాష్ట్రలో కొల్హాపూర్ దగ్గర కొండమీద జోతిబా అనే దేవుడున్నాడు. 1827లో పుట్టిన పూలేకి వచ్చింది ఆయన పేరే. బెంగాల్‌ని 23 ఏళ్ళు పాలించిన జ్యోతి బసు మగవాడే. అస్సాం వాళ్ళు నెత్తిన పెట్టుకునే జ్యోతిప్రసాద్ అగర్వాలా మగవాడే. గోదావరి దాటి మన వైపు వచ్చేసరికి జ్యోతి చీర కట్టుకుంది. కిరణ్ దానికి ఎదురు నడిచింది. పంజాబు నుంచి వచ్చిన కిరణ్ బేడీ స్త్రీ, మనకి కిరణ్ అంటే ఠక్కున గుర్తొచ్చేది మగవాడు. హిందీ పాటల సుమన్ కల్యాణ్‌పుర్ స్త్రీ, మన సినిమా హీరో సుమన్ మగవాడు.

కాబట్టి ఆడతనం గానీ మగతనం గానీ పేరు శబ్దంలో లేదు. వినే ఊరి చెవిలో ఉంది.

ఇక ఆ తోక సంగతి. మన భాషలో పేరు చివర వచ్చే అయ్య, అమ్మ, రావు రెండు పనులు చేస్తాయి. ఆడో మగో చెబుతాయి. గౌరవం కూడా ఇస్తాయి. అందుకే దొర నోట్లో మన వాళ్ళ పేరుకి తోక ఉండేది కాదు. మల్లయ్య మల్లిగాడు, మల్లమ్మ మల్లి. ఎల్లయ్య ఎల్లిగాడు, ఎల్లమ్మ ఎల్లి. అయ్యనీ అమ్మనీ కోసేశాక మిగిలేది ఒకటే మొండెం. మా తాత పేరు సుందరరావు. చర్చిలో సుందరరావు, ఓటరు లిస్టులో సుందరరావు. ఆసామి ఇంటి ముందు మాత్రం "ఒరే సుందరీ". పెద్ద వయసులో ఆ పిలుపు తలుచుకుని తాత నవ్వేవాడు. ఆ నవ్వుకి అర్థం నాకు పీహెచ్‌డీ చేసే రోజుల్లో గానీ తెలియలేదు. కింది కులపు మగవాణ్ణి తక్కువ చెయ్యాలంటే అతన్ని ఆడపేరుతో పిలిస్తే చాలు. ఆ తిట్టు పనిచెయ్యాలంటే ఆడ అనేది ముందే తక్కువదై ఉండాలి. ఒకే మాటతో రెండు అవమానాలు.

2. మనువు రాసిన పేర్ల పట్టీ

ఇదంతా వాడుకలో దానంతటదే జరిగిందని ఎవరైనా అంటే మనుస్మృతి రెండో అధ్యాయం తెరవమనండి. నామకరణం గురించి వరసగా చెబుతాడు. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా ఉండాలి. క్షత్రియుడి పేరులో బలం వినపడాలి. వైశ్యుడి పేరులో ధనం వినపడాలి. శూద్రుడి పేరు అసహ్యం పుట్టించేదిగా ఉండాలి. వెంటనే ఆడవాళ్ళ సంగతికి వస్తాడు. ఆడదాని పేరు పలకడానికి సుఖంగా, కఠినం కాకుండా, మనసుకి ఇంపుగా, దీవెనలాగా, చివర దీర్ఘంతో ఉండాలి.

రెండు నియమాలూ పక్కపక్కనే ఉన్నాయి చూడండి. శూద్రుడి పేరు ఎదుటివాడు చీదరించుకోవడానికి, ఆడదాని పేరు ఎదుటివాడు ముచ్చటపడటానికి. పేరు మోసే మనిషికి ఏం కావాలో ఇద్దరి విషయంలోనూ అడిగిన పాపాన పోలేదు. అతిశూద్రులు ఆ పట్టీలోకే రారు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ సమక్షంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టినప్పుడు ఈ పేర్ల పట్టీ కూడా కాలింది. కాగితం కాలింది. మన ఇళ్ళల్లో బారసాల రోజున ఇంకా దాని బూడిదే పూసుకుంటున్నామా అని నా అనుమానం.

3. షేర్లీ

మా అమ్మకి రెండు పేర్లు. మా జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో రెండేసి పేర్లు ఎందుకుంటాయో మీకు చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులం కారంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తెరిచారు. మిగతావాళ్ళకి ఇంకా మూసే ఉంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల మాది. అక్కడ పేరంటే నమ్మకం ఒక్కటే కాదు, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం కూడా.

బళ్ళో మేష్టారు అమ్మకి రాసిన పేరు జ్యోతి. ఆమె పుట్టిన మిషను ఆసుపత్రిలో నర్సమ్మ పెట్టిన పిలుపు పేరు షేర్లీ. పేటలో ఇప్పటికీ ఆమె షేర్లమ్మే.

షేర్లీ కథ వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది ఇది. అది మొదట ఇంగ్లండులో ఊరి పేరు. ఊరి నుంచి ఇంటిపేరైంది. ఇంటిపేరు నుంచి భూములున్న కుటుంబాల్లో మగపిల్లల పేరైంది. 1849లో షార్లెట్ బ్రాంటీ 'షేర్లీ' అనే నవల రాసింది. అందులో తల్లిదండ్రులు కొడుకు కోసం ఎదురుచూస్తే కూతురు పుడుతుంది. కొడుక్కి పెట్టాలనుకున్న పేరే కూతురికి పెట్టేస్తారు. ఆ షేర్లీ పెరిగి పెద్దదై సొంత భూమికి తనే యజమాని అవుతుంది, తన్ను తాను కెప్టెన్ అని పిలుచుకుంటుంది. మగపేరుకి మగహక్కులు కూడా తోడొస్తే ఎలా ఉంటుందో చూపించిన నవల. రాసిన మనిషి కూడా తన ఆడపేరుతో అచ్చు వేయించుకోలేదు. కరర్ బెల్ అనే మారుపేరు పెట్టుకుంది.

ఆ నవల తర్వాత షేర్లీ నెమ్మదిగా ఆడపిల్లల పేరైంది. 1930ల్లో షేర్లీ టెంపుల్ అనే బాలనటి వచ్చాక ఆ పేరు ఇంటింటికీ చేరింది. ఇక మగపిల్లవాడికి ఆ పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అదే పేరుతో 1968లో షేర్లీ చిజమ్ అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. 1972లో అధ్యక్ష పదవి అభ్యర్థిత్వానికి కూడా పోటీపడింది. భూస్వాముల మగపిల్లల పేరు ఆమె దగ్గరికి చేరేసరికి ఆ పేరు బతుకే మారిపోయింది.

షేర్లీ ఒక్కటే కాదు. ఎవెలిన్, లెస్లీ, యాష్లీ, బెవర్లీ అన్నీ ఒకప్పుడు మగపేర్లే. 'గాన్ విత్ ది విండ్' లో యాష్లీ మగవాడు. 1990ల మొదట్లో అమెరికాలో ఆడపిల్లలకి ఎక్కువగా పెట్టిన పేర్లలో యాష్లీ ఒకటి. తుపాకీ పట్టుకుని గుర్రమెక్కే జాన్ వేన్‌కి అమ్మానాన్నలు పెట్టిన పేరు మారియన్. సినిమాల్లోకి రాగానే ఆ పేరు తీసేశారు. మారియన్ పేరుతో కౌబాయ్ చెల్లడని అనుకున్నారు కాబోలు.

4. ఖాళీ చేసి వెళ్ళే వీధి

ఈ కథలన్నిటిలో దారి దాదాపు ఒకే వైపుకి ఉంటుంది. మగపేరు ఆడపిల్లల దగ్గరికి వస్తుంది. కొంతకాలం ఇద్దరూ వాడతారు. ఆడపిల్లలు పెరిగేకొద్దీ మగపిల్లలు తప్పుకుంటారు. ఒకసారి తప్పుకున్నాక తిరిగి రావడం చాలా అరుదు.

ఇది మనకి ఎక్కడో చూసినట్టు లేదూ? మన పిల్లలు చేరిన బళ్ళోంచి ఒక్కొక్కరే టీసీ తీసుకెళ్ళడం చూశాం. మనం అద్దెకి దిగిన వీధిలో పక్కింటివాళ్ళు కొత్త ఇల్లు వెతుక్కోవడం చూశాం. గొడవ ఉండదు, తిట్టు ఉండదు. ఊరికే ఖాళీ చేసి వెళ్ళిపోతారు. తర్వాత ఆ బడికి, ఆ వీధికి ఒక ముద్ర పడుతుంది. పేర్లకి కూడా మైల ఉంది. ఆడదాని చెయ్యి తగిలిన పేరు మగవాడికి పనికిరాదు.

ఇక్కడ మన ప్రగతిశీల మిత్రులు కొందరు అంటారు: "మేం మా అమ్మాయికి విక్రమ్ అని పెట్టాం, లెనిన్ అని పెట్టాం." సంతోషమే. కూతురికి మగపేరు పెడితే ధైర్యం అంటారు, చప్పట్లు కొడతారు. కొడుక్కి ఆడపేరు పెట్టినవాళ్ళని ఒక్కరిని చూపించండి. కింద ఉన్నవాళ్ళని పైకి రమ్మనడం తేలిక. పైన ఉన్నవాళ్ళు కిందికి దిగితేనే మెట్లు పోతాయి. సమానత్వానికి పరీక్ష కూతురి పేరు దగ్గర కాదు, కొడుకు పేరు దగ్గర.

5. ఎల్లమ్మ బిడ్డ ఎల్లయ్య

అయితే ఇది మన పద్ధతి కాదు. నేను అసలు చెప్పదలుచుకున్నది ఇదే.

మన వాడల్లో మగవాళ్ళ పేర్లు ఒకసారి వరసగా చదవండి. ఎల్లయ్య ఎవరి పేరు? ఎల్లమ్మ తల్లి పేరు. పోచయ్యది పోచమ్మ పేరు, మైసయ్యది మైసమ్మ పేరు. ఉత్తరాంధ్రకి పోతే పైడితల్లి పేరు పైడిరాజుకి, నూకాలమ్మ పేరు నూకరాజుకి వచ్చింది. మా ప్రకాశం, గుంటూరు వైపు రండి. అంకమ్మరావు దొరుకుతాడు. చూడండి ఆ పేరు. అంకమ్మలోని 'అమ్మ'ని తీసెయ్యకుండానే పక్కన రావు పెట్టుకున్నాడు. మీసాలున్న అంకమ్మరావుని 'ఆడపేరు' అని ఊళ్ళో ఎవరూ వెక్కిరించరు.

పెద్ద దేవుళ్ళ ఇళ్ళల్లో దేవత తన పేరుకి మొగుడి పేరు తోడు తెచ్చుకోవాలి. మన గ్రామదేవతల్లో చాలామందికి మొగుడే లేడు. ఊరు మొత్తం ఆమె బిడ్డలే. కొడుక్కి తల్లి పేరు రావడం అక్కడ వింత కాదు.

పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ. ఈ పేర్లు చూసి పై కులాల వాళ్ళు నవ్వుతారు, మన చదువుకున్న పిల్లలు సిగ్గుపడతారు. వరసగా బిడ్డలు చనిపోయిన తల్లి, ఈసారి పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకునేది, ఎంగిలి విస్తరాకులో పెట్టి తీసుకునేది. చావుకి ఆశ పుట్టకుండా ఆ పేరు పెట్టేది. మనువు అసహ్యం కోసం చెప్పిన పేరుని మన తల్లులు బిడ్డ బతకడం కోసం పెట్టారు. కొడుకైనా కూతురైనా అదే పెంట, అదే విస్తరాకు, అదే పేరు. అందులో మగబిడ్డకి వేరే పట్టుబట్టలు లేవు.

శాతవాహన రాజులు శాసనాల్లో తమని గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లుల పేరుతో చెప్పుకున్నారని మీరు చరిత్ర పేపర్లో రాస్తారు. అంత మాత్రాన ఆడవాళ్ళు రాజ్యం ఏలారని కాదు. కొడుకు తల్లి పేరు మోస్తే పరువు పోతుందనే మాట ఈ నేల మీద మొదటినుంచీ లేదని మాత్రం చెప్పుకోవచ్చు. అది తర్వాత నేర్పిన సిగ్గు.

6. అన్నయ్య అడిగిన ప్రశ్న

ఇంత చెప్పాక మా అన్నయ్య ఒక మాట అన్నాడు. "మన పిల్లల్ని బళ్ళో ఏడిపించడానికి కారణాలు తక్కువయ్యాయా? కులం ఒకటి చాలదా? నీ సిద్ధాంతం ఫేస్‌బుక్‌లో రాసుకో. వాడి నుదుటి మీద రాయకు."

ఆ మాటకి రాత్రంతా నిద్రపట్టలేదు. అన్నయ్య చెడ్డవాడు కాదు. హాస్టల్లో వాడి పేరుతో వాడు పడింది వాడికి తెలుసు. బిడ్డ మన జెండా కర్ర కాదు. మనం గెలవలేని యుద్ధానికి ఏడు నెలల పిల్లాణ్ణి ముందు నిలబెట్టే హక్కు నాకు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జ్యోతిరావు అని పెడదామా అని కూడా ఊగాను. రావు అనే తోక వాడికి గొడుగు అవుతుంది. పూలేకి ఉంది కదా.

జవాబు మా అమ్మ ఇచ్చింది. అప్పటిదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. ఈ గొడవంతా ఆమె పేరు మీదే జరుగుతోందని మాకెవరికీ తట్టనేలేదు. ఆ సాయంత్రం బాబుకి ఉగ్గు పెడుతూ అంది: "తాత పేరు మనవడికి పెడితే వంశం నిలబడిందంటారు. అమ్మమ్మ పేరు పెడితే ఏడిపిస్తారా? ఆ పేరుతోనే ముప్పై ఏళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టి ఏఎన్ఎం జీతం తెచ్చాను. మీ ఇద్దరి ఫీజులు కట్టింది ఆ పేరే. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

అన్నయ్య తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఇన్ని రోజులు పూలే గురించి మాట్లాడాను గానీ అమ్మ గురించి ఒక్క మాట అనలేదు. నాకు కూడా జ్యోతి అనే పేరు గొప్పదవడానికి ఒక మగవాడు కావలసొచ్చాడు. అది నా తప్పు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

7. తోక తీసేస్తే మిగిలేది

గడి నిండింది. మా బాబు పేరు జ్యోతి. పెద్దయ్యాక వాడికి నచ్చకపోతే గెజిట్‌లో మార్చుకునే దారి ఉంది. ఆ కాగితాల ఖర్చు నేనే పెట్టుకుంటానని మాటిచ్చాను. దరఖాస్తు ఇచ్చిన చోట ఆయన "పాపా అమ్మా?" అన్నాడు. "బాబు" అన్నాను. తలెత్తి చూసి టైపు చేశాడు. ప్రింటు తీసి చేతిలో పెడితే లింగం గడిలో 'స్త్రీ' అని ఉంది. అంతకుముందు సరిగ్గా ఉన్న గడి, పేరు చూశాక మారిపోయింది. మళ్ళీ దిద్దించడానికి రెండుసార్లు తిరిగాను. ఎర్ర గీత ఈసారి నా కొడుకు మీద పడింది.

ఆ జవాబు పత్రం రాసిన పిల్లాడికి సగం మార్కు తిరిగి ఇవ్వలేదు. తప్పు తప్పే. కానీ మర్నాడు పాఠం ఆపి, 1848లో పూణేలో బడి పెట్టిన జోతి గురించి, ఆ బళ్ళో పాఠం చెప్పిన సావిత్రిబాయి గురించి, అక్కడ చదువుకుని 1855లో మాంగులు, మహార్ల దుఃఖం మీద వ్యాసం అచ్చు వేయించుకున్న మాంగు పిల్ల ముక్తాబాయి గురించి చెప్పాను. చివర్లో మా బాబు పేరు చెప్పాను. క్లాసు నవ్వింది. నవ్వనిచ్చాను.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బాబాసాహెబ్ తల్లి పేరు భీమాబాయి. కొడుకు పేరు భీమ్‌రావ్. ఆయన చిన్నతనంలోనే ఆమె పోయింది. తల్లి పేరూ కొడుకు పేరూ ఒకటే, బాయి, రావ్ అనే తోకలే వేరు. మనం పిడికిలెత్తి నినాదం ఇచ్చేటప్పుడు ఆ తోకలు రెండూ ఉండవు. మిగిలిన మాట తల్లిదీ, కొడుకుదీ.

మీ ఇంట్లో రేపు మగబిడ్డ పుడితే మీ అమ్మ పేరు, నాయనమ్మ పేరు ఒకసారి గట్టిగా పలికి చూడండి. నోరు ఎక్కడ తడబడుతుందో గమనించండి. వచ్చే వారం అక్కడినుంచే మాట్లాడుకుందాం.

జై భీమ్.